చవకగా కొన్న టిక్కెట్టు, పెరిగిన ధర



అమెరికాలో మన తెలుగు కుటుంబాలు పెరిగిన కొలది, అక్కడున్న పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే తలిదండ్రులు కూడా ఎక్కువయ్యారు. అమ్మానాన్నలు తమతో ఉండే ఆ కొద్ది నెలల్లోనే మనుమలతో, మనుమరాండ్రతో కలిసి అందరూ ఒక ప్రయాణము చేయాలని ఇంటివారు ఆశపడతారు. ఆ ప్రయాణము తరచుగా ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగరము దగ్గర ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌కే సాగుతుంది. అయిదారుగురున్న కుటుంబము నాలుగు రోజులు అక్కడి పార్కులలో గడపదలిస్తే, విమానము, బస, భోజనము కాక, ప్రవేశ టిక్కెట్లకే రెండు వేల డాలర్లు దాటుట సాధారణము. అది ఒక ఇంటివారు నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము.

అందుచేత చాలామంది రాయితీ ఇచ్చే అమ్మకందారుల దగ్గర ముందుగానే టిక్కెట్లు కొని దాచుకొంటారు. ఇంతలో ధర పెరుగుతుంది. తీరా అక్కడికి వెళ్లిన తరువాత పిల్లలు ఇంకొక రోజు ఉందామంటారు. అప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. చవకగా కొన్న పాత టిక్కెట్టును పై టిక్కెట్టుగా మార్చుకొంటే ముందు దొరికిన రాయితీ నిలుస్తుందా, పోతుందా? పెరిగిన ధర మన మీద పడుతుందా? ఈ సంగతిని కుటుంబానికి అక్కరకు వచ్చే విధముగా, లెక్కతో సహా వివరింపగోరుతున్నాము.

ఒక డాలరుతో మొదలై

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరచినప్పుడు పెద్దలకు ప్రవేశ రుసుము 1 డాలరు. అయితే అది లోపలికి అడుగు పెట్టుటకు మాత్రమే. లోపలి సవారీలకు వేరుగా చెల్లించవలసి యుండేది. ఆ సంవత్సరము అక్టోబరులోనే కూపన్ల పుస్తకములు వచ్చాయి. ఒక్కొక్క తరగతి సవారీకి ఒక్కొక్క అక్షరము. 1959లో అన్నిటికంటె పెద్ద సవారీల కొరకు ‘ఇ’ కూపను చేరింది. 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరచినప్పుడు కూడా ఇదే పద్ధతి. పెద్దలకు ప్రవేశము 3 డాలర్ల 50 సెంట్లు, కూపన్లు వేరు. 1982లో కూపన్లు పోయి, ఒకే టిక్కెట్టుతో రోజంతా అన్నిటినీ చూచే ఏర్పాటు వచ్చింది.

ఫ్లోరిడాలో మొదట ఉన్నది మాజిక్ కింగ్‌డమ్ ఒక్కటే. 1982లో ఎప్కాట్, 1989లో నేడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలువబడే పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ చేరి నాలుగు అయ్యాయి. పార్కులు పెరిగినట్లే ధరలూ పెరిగాయి. మాజిక్ కింగ్‌డమ్‌కు పెద్దలకు ఒక రోజు టిక్కెట్టు 2014లో 99 డాలర్లు, 2015లో 105 డాలర్లు. 2022 డిసెంబరు నాటికి మిక్కిలి రద్దీగా ఉండే రోజులలో అది 189 డాలర్లకు చేరింది.

ఈ చరిత్రలో రెండు మార్పులు మన ప్రశ్నకు ముఖ్యమైనవి. మొదటిది 2005 జనవరిలో వచ్చింది. రోజులు ఎక్కువ తీసికొన్న కొలది ఒక్కొక్క రోజుకు పడే ధర బాగా తగ్గేటట్లు టిక్కెట్లను కూర్చారు. రెండవది 2018 అక్టోబరులో వచ్చింది. అప్పటి నుండి ఏ తేదీన మొదలుపెడతామో దానిని బట్టి ధర మారుతున్నది. సెలవుల వారములో ఒక ధర, బడులు నడిచే వారములో మరొక ధర. కాబట్టి నేడు ‘నాలుగు రోజుల టిక్కెట్టు ఎంత?’ అని అడిగితే ఒకే జవాబు లేదు. ఏ తేదీకి అని కూడా చెప్పవలెను.

ఒకే టిక్కెట్టుకు రెండు ధరలు

రాయితీ టిక్కెట్టు ఎక్కడనుండి వస్తుంది? కంపెనీ తన అనుమతి పొందిన అమ్మకందారులకు టిక్కెట్లను కొంత తక్కువకు ఇస్తుంది. వారు తమ లాభములో కొంత వదలుకొని మనకు అమ్ముతారు. ఈ రాయితీ సాధారణముగా కొద్దిపాటిదే. అయినను అయిదారుగురికి కలిపి చూస్తే వదలుకోదగినది కాదు.

ఇలా కొన్న టిక్కెట్టుకు రెండు ధరలుంటాయి. మన జేబులో నుండి పోయినది ఒకటి. అదే టిక్కెట్టుకు కంపెనీ తానుగా అడిగే ధర రెండవది. దీనిని గేటు ధర అందాము. టిక్కెట్టును ఉన్నది ఉన్నట్లు వాడుకొన్నంత కాలము ఈ రెండింటి భేదముతో మనకు పని లేదు. ఆ తరువాత ధర పెరిగినను, టిక్కెట్టు మీద ఉన్న తేదీలలోనే వెళ్లే ఎడల ఒక్క సెంటు కూడా అదనముగా అడుగరు. ఖరీదైన తేదీకి మార్చుకొంటే మాత్రము తేడా చెల్లించవలసి యుంటుంది. చవకైన తేదీకి మార్చుకొంటే తిరిగి ఇచ్చేది లేదు.

చిక్కు వచ్చేది పై టిక్కెట్టుకు మారినప్పుడు. రోజులు పెంచుకొనవచ్చును. ఒకే రోజు ఒక పార్కు నుండి మరొక పార్కుకు వెళ్లగల ‘పార్క్ హాపర్’ సౌకర్యము చేర్చుకొనవచ్చును. వీటన్నిటికీ సూత్రము ఒకటే: కొత్త టిక్కెట్టు ధరలో పాత టిక్కెట్టు విలువ తీసివేసి, మిగిలినది కట్టాలి. అయితే ఆ పాత విలువ ఏది? మనము ఇచ్చిన ధరా, గేటు ధరా? గేటు ధర అయితే, కొన్ననాటిదా, నేటిదా? సంగతి అంతా ఇక్కడే ఉన్నది.

ఈ పార్కులకు తరచుగా వెళ్లేవారి మధ్య ఒక లెక్క ఏళ్ల తరబడి ప్రసిద్ధిగా ఉండేది. రాయితీ టిక్కెట్టును ముందుగా గేటు ధరకు సమానముగా ఎంచి, ఆ ధర నుండి కొత్త టిక్కెట్టుకు తేడా కట్టించుకొనుట. దీనిని ‘ప్రైస్ బ్రిడ్జింగ్’ అనేవారు, అనగా రెండు ధరల మధ్య వంతెన వేయుట అని అర్థము. ఆ వంతెన దొరికినవారికి రాయితీ చెక్కుచెదరకుండా నిలిచేది. అయితే ఇది కంపెనీ చాటింపు వేసి ఇచ్చిన వాగ్దానము కాదు. కౌంటరులో జరిగే లెక్క పద్ధతి మాత్రమే. పద్ధతులు మారుతుంటాయి గనుక, పోయినసారి ఎవరికో దొరికినది మనకు హక్కు అని తలంచరాదు. అడిగి తెలిసికొనవలెను.

లెక్క వేసి చూద్దాము

తేలికగా అర్థమగుటకు కొన్ని అంకెలు ఊహించుకొందాము. ఇవి నిజమైన ధరలు కావు, లెక్క కొరకు మాత్రమే. పన్ను కలపలేదు.

కొన్ననాడు నాలుగు రోజుల టిక్కెట్టు గేటు ధర 400 డాలర్లు. మనము రాయితీతో 370కి కొన్నాము. తరువాత ధర పెరిగి నాలుగు రోజుల టిక్కెట్టు 430 అయినది. అయిదు రోజుల టిక్కెట్టు నేడు 455. మనము అయిదవ రోజు చేర్చుకొనదలచాము.

మొదటి విధము: మనము ఇచ్చిన 370 మాత్రమే విలువగా ఎంచితే, 455లో 370 పోగా 85 డాలర్లు కట్టాలి. మొత్తము ఖర్చు 455. అనగా రాయితీ పోయింది, ముందుగా కొన్నందుకు కలిగిన మేలూ పోయింది. నేడు గేటు దగ్గర కొన్నవానితో సమానమయ్యాము.

రెండవ విధము: కొన్ననాటి గేటు ధర 400 విలువగా ఎంచితే, కట్టవలసినది 55. మొత్తము 425. రాయితీ నిలిచింది. పెరిగిన ధర మాత్రము మన మీద పడింది.

మూడవ విధము: నేటి గేటు ధర 430 విలువగా ఎంచితే, కట్టవలసినది 25. మొత్తము 395. రాయితీ నిలిచింది, పెరిగిన ధర కూడా తప్పింది.

అయిదు టిక్కెట్లయితే ఈ మూడు మొత్తములు 425, 275, 125 డాలర్లు. మొదటి దానికి, మూడవ దానికి మధ్య 300 డాలర్ల భేదము. ఒక నెల ఇంటి సరుకులకు సరిపోయే సొమ్ము! కాబట్టి ‘ఎంత కట్టాలి?’ అని మాత్రమే అడిగి కార్డు చేతికివ్వరాదు. ‘మా పాత టిక్కెట్టును ఎంతగా ఎంచుతున్నారు?’ అని అడగాలి.

ఇంకొక సంగతి గమనించండి. రోజులు ఎక్కువైన కొలది ఒక్కొక్క రోజు చవక అవుతుందని పైన చెప్పాము. పై లెక్కలో నాలుగు రోజులకు 430 అయితే, అయిదవ రోజుకు పెరిగినది 25 మాత్రమే. అదే విడిగా ఒక రోజు టిక్కెట్టు కొంటే వంద డాలర్లకు పైబడుతుంది. అందువలన మొదటి విధముగా లెక్క కట్టినను, నిజముగా ఇంకొక రోజు కావలసినవారికి విడి టిక్కెట్టు కొనుటకంటె మార్చుకొనుటే మేలు.

కౌంటరు దగ్గరకు వెళ్లకముందు

పార్కు ద్వారము దగ్గర టిక్కెట్ల కిటికీలు, ‘గెస్ట్ రిలేషన్స్’ అనే సహాయ కేంద్రములు ఉంటాయి. ఇటువంటి మార్పులు అక్కడ చేస్తారు. వెళ్లకముందు ఈ క్రింది సంగతులు చూచుకొనుట మంచిది.

1. గడువు. నాలుగు రోజుల టిక్కెట్టును మొదటి తేదీ నుండి 7 రోజులలోపల, అయిదు రోజుల టిక్కెట్టును 8 రోజులలోపల వాడుకొనవలెను. పాత టిక్కెట్టు గడువు ముగియకముందే మార్పు జరగాలి. తిరుగు ప్రయాణమై ఇంటికి చేరిన తరువాత అడిగితే ప్రయోజనము లేదు.

2. రసీదు. ఎవరి దగ్గర, ఎంతకు, ఏ తేదీన కొన్నారో తెలిపే కాగితము వెంట ఉంచుకొనండి. పాత విలువ గురించి మాట వచ్చినప్పుడు అదే ఆధారము.

3. పన్ను. అక్కడి పార్కుల టిక్కెట్ల మీద అమ్మకపు పన్ను 6.5 శాతము. కంపెనీ చూపే ధరలో అది కలిసి ఉండదు. కొందరు అమ్మకందారులు పన్నుతో కలిపి చెప్తారు. 400 డాలర్ల గేటు ధరకు పన్ను కలిపితే 426 అవుతుంది. పన్నుతో కలిపి 410 అన్న అమ్మకందారుడు ఎక్కువ అడిగినట్లు కనిపించినా, నిజానికి 16 డాలర్లు తగ్గించి ఇస్తున్నాడు. రెండు ధరలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే తీరుకు తేవాలి.

4. ప్రత్యేక టిక్కెట్లు. కొన్ని రాయితీ టిక్కెట్లకు కొన్ని కట్టుబాట్లుంటాయి. 2024లో నాలుగు పార్కులకు కలిపి 396 డాలర్ల నుండి అమ్మిన టిక్కెట్టుతో ఒక్కొక్క పార్కుకు ఒక్కసారి మాత్రమే వెళ్లవచ్చును. ఇటువంటి వాటిని మార్చుకొనవచ్చునా, లేదా అన్నది కొనేటప్పుడే అడిగి తెలిసికొనండి.

5. ఎవరికి వారే. టిక్కెట్టు ఒక్కొక్కరి పేరున ఉంటుంది. ఒకరు మార్చుకొంటే అందరూ మార్చుకొనవలెనన్న నియమము లేదు. అయిదవ రోజున మోకాళ్ల నొప్పులతో ఉన్న నాయనమ్మ బసలో విశ్రమించి, తక్కినవారు వెళ్లవచ్చును.

ఎక్కుటకు మెట్లున్నవి, దిగుటకు లేవు

టిక్కెట్టును పైకి మార్చుకొనవచ్చును గాని క్రిందికి మార్చుకొనుటకు వీలులేదు. కొన్న తరువాత డబ్బు తిరిగి ఇవ్వరు. మరొకరికి బదిలీ చేయుటకూ వీలు లేదు. ఇంటి నుండి వృద్ధులు వచ్చే కుటుంబాలు ఈ మాటను తప్పక గుర్తుంచుకోవాలి. ధర పెరుగుతుందేమోనని తొందరపడి, ఇంకను వీసా చేతికి రాని అమ్మానాన్నలకు కూడా టిక్కెట్లు కొనివేసే కుటుంబాలను మనము ఎరుగుదుము. వీసా ఇంటర్వ్యూ వెనుకకు పోతే ఆ తేదీలు దాటిపోతాయి. ఒక్క రోజు కూడా వాడని టిక్కెట్టు గడువు దాటితే, దానికి చెల్లించిన ధరను తరువాత కొనే టిక్కెట్టుకు జమ కట్టించుకొనవచ్చును. అయితే అప్పటి ధర ప్రకారము తేడా కట్టాలి. ఒక రోజు వాడి తక్కిన రోజులు మిగిలిపోతే ఆ రోజులు పోయినట్లే. పూర్వము గడువు లేని టిక్కెట్లు ఉండేవి. 2015లో వాటి అమ్మకము కూడా ఆగిపోయింది.

మేము ఇట్టి ఖర్చులలో పాటించే పద్ధతి చెప్తాము. తప్పక వెళ్తామని తెలిసిన రోజులకు మాత్రమే ముందుగా కొంటాము. ఇంకొక రోజు సంగతి అక్కడికి వెళ్లిన తరువాత, మూడవ రోజు సాయంకాలము, అందరి ముఖములు చూచి నిర్ణయించుకొంటాము. అయిదు రోజులు నిశ్చయమని ముందే తెలిస్తే మాత్రము మొదటనే అయిదు రోజుల రాయితీ టిక్కెట్టు కొనుట అన్నిటికంటె క్షేమము. అప్పుడు కౌంటరులో ఏ లెక్క వేస్తారో అన్న చింతే ఉండదు.

చవక పేరిట వచ్చే చిక్కులు

ధర పెరిగినప్పుడెల్లా అక్రమపు చవక కూడా పెరుగుతుంది. కిస్సిమ్మీ వైపు 192వ నంబరు హైవే ప్రక్కన చవక టిక్కెట్ల బోర్డులు కనిపిస్తాయి. అటువంటి చోట్ల మిక్కిలి చవకగా ఇచ్చే టిక్కెట్టుకు షరతుగా, సెలవుల ఇంటిలో వాటా అమ్మజూపే సమావేశములో కూర్చోవలసి రావచ్చును. ఒక పూట సెలవు పోవుటే గాక, మొగమాటము వలన పెద్ద ఒప్పందములో చిక్కుకొనే ప్రమాదము కలదు.

ఎవరో కొన్ని రోజులు వాడి మిగిల్చిన టిక్కెట్టును కొనుట ఇంతకంటె చెడ్డది. అట్టి టిక్కెట్టును అమ్ముట ఫ్లోరిడా చట్టము ప్రకారము నేరము. ద్వారము దగ్గర వేలి కొలత తీసికొని టిక్కెట్టుతో సరిచూస్తారు గనుక అది చెల్లకపోవచ్చును కూడా. పిల్లల ఎదుట ద్వారము దగ్గర నిలిచిపోవుటకంటె బాధ వేరొకటి లేదు.

ఇక వయస్సు సంగతి. మూడేండ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. 3 నుండి 9 ఏండ్ల వారికి పిల్లల ధర, 10 నిండిన వారికి పెద్దల ధర. పదేండ్ల బాబుకు ‘తొమ్మిది అని చెప్పు’ అని నేర్పి మిగిల్చుకొనేది కొద్ది డాలర్లు. ఆ బాబు నేర్చుకొనేది మాత్రము జీవితమంతా ఉంటుంది. ఫ్లోరిడా నివాసులకు ఇచ్చే ప్రత్యేక రాయితీ కూడా అంతే. పెద్దవారు ప్రతి ఒక్కరు అక్కడి నివాసులమని గుర్తింపు చూపవలెను. అక్కడున్న బంధువు పేరు చెప్పుకొని కొనుట తగదు. న్యాయముగా దొరికే రాయితీని వెదకి పొందుట ఇంటి యజమాని నేర్పు. అబద్ధముతో పొందినది రాయితీ కాదు.

ఆ ఇంకొక రోజు అవసరమా?

చివరకు ఆలోచింపవలసినది ఇది. కౌంటరులో ‘25 డాలర్లకే ఇంకొక రోజు’ అని వినగానే చవక అనిపిస్తుంది. కాని ఆ రోజుకు భోజనము, వాహనము నిలుపుకొనే రుసుము, ఒక రాత్రి బస కూడా చేరతాయి. 1999లో మొదలైన, క్యూ తప్పించే ఉచిత ఏర్పాటు పోయి, 2021 అక్టోబరు నుండి అది డబ్బు చెల్లించేవారికి మాత్రమే దొరుకుతున్నది. అందరికీ కలిపితే అదీ ఒక మోత. ఎండలో నాలుగు రోజులు నడచిన పెద్దలకు అయిదవ రోజు సంతోషమా, శ్రమా అన్నది వారినే అడగాలి. పిల్లల మాట కాదనలేక ‘మాకేమి, వస్తాము’ అని అనుట మన పెద్దల అలవాటు. వారి మాట కాక వారి నడక చూడండి.

టిక్కెట్టు లేకుండా కూడా ఒక రోజు గడుపవచ్చును. అక్కడి డిస్నీ స్ప్రింగ్స్ అనే అంగళ్ల ప్రాంతములో ప్రవేశ రుసుము లేదు, వాహనము నిలుపుటకు కూడా రుసుము లేదు. నీటి ఒడ్డున తాతతో నెమ్మదిగా నడచిన సాయంకాలమును కూడా పిల్లలు మరచిపోరు.

మార్చుకొనుటకే నిశ్చయించితే ఒక చిన్న కాగితము మీద మూడు అంకెలు వ్రాసికొని వెళ్లండి: మనము ఇచ్చిన ధర, కొన్ననాటి గేటు ధర, నేటి గేటు ధర. కౌంటరులో ఉన్నవారితో మర్యాదగా మాట్లాడి, దేని నుండి తేడా లెక్కించుచున్నారో అడగండి. వారు చెప్పిన మొత్తము విన్న తరువాత వెంటనే అవునని అననక్కరలేదు. ప్రక్కకు వచ్చి, ఇంటివారితో రెండు నిమిషములు మాట్లాడుకొని, పిమ్మట నిర్ణయించుకొనండి.